ధైర్యం తరువాతి మాట

1969 జూలై 20న చంద్రుడి మీద దిగుతున్న క్షణాల్లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంది. ఒంటికి తగిలించిన సెన్సర్ల ద్వారా ఆ లెక్క హ్యూస్టన్‌లోని డాక్టర్లకు ఎప్పటికప్పుడు చేరుతూనే ఉంది. అప్పటికాయన కొత్తవాడేమీ కాదు. కొరియా యుద్ధంలో యుద్ధ విమానాలు నడిపాడు, ఎక్స్-15 రాకెట్ విమానం నడిపాడు. అంతకు ఏడాది ముందే, 1968 మే 6న, చంద్రుడి మీద దిగడం సాధన చేసే యంత్రం అదుపు తప్పితే సీటుతో సహా పైకి ఎగిరి పారాచూట్‌తో ప్రాణాలు దక్కించుకున్నాడు. అంతటివాడి గుండే అలా పరుగెత్తితే, ఫుర్సత్‌గంజ్‌లోనో గోండియాలోనో పైలట్ శిక్షణ సంస్థలో విమానం ఎక్కుతున్న పంతొమ్మిదేళ్ల మన పిల్లకో పిల్లాడికో నోరు ఎండిపోవడంలో వింతేముంది? గుండె దడ ఉందా లేదా అని చూసి పైలట్‌గా పనికొస్తారో లేదో తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఎంత తప్పో చెప్పడానికే ఈ ప్రసంగం. ధైర్యం వచ్చాక విమానం నడపడం మొదలుపెట్టినవాళ్లు చాలా అరుదు. నడపడం ఒక్కో ముక్కే చేతికి వచ్చేకొద్దీ, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా ధైర్యం దాని వెనకాలే వస్తుంది. ఈ వరస తారుమారు చేసి, ముందు ధైర్యం తెచ్చుకో, తర్వాత విమానం ఎక్కు అని చెప్పడం వల్లే చాలామంది పిల్లలు అక్కర్లేని చోట కుంగిపోతున్నారు.

మన దేశంలో పైలట్ కావడానికి ఉన్న మెట్లు చూడండి. 16 ఏళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సు, 18 నిండితే కమర్షియల్ లైసెన్సు. ప్లస్ టూలో ఫిజిక్సు, లెక్కలు చదివి ఉండాలి. డాక్టరు పరీక్షలో నెగ్గాలి. వాతావరణం, నావిగేషన్, వైమానిక నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు ఇవన్నీ చదివి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాతపరీక్షల్లో పేపరుకు 70 శాతం తెచ్చుకోవాలి. ఆపైన 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తానే కెప్టెన్‌గా ఎగరాలి. ఇన్ని షరతులు రాసిన నిబంధనల పుస్తకంలో భయం ఉండకూడదన్న షరతు ఎక్కడా లేదు. రాసినవాళ్లు మర్చిపోయారని నేననుకోను. దాన్ని కొలవడం కుదరదని, కొలిచినా ఉపయోగం లేదని వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఇక భయం ఉన్నప్పుడు పని ఎలా నడుస్తుందన్న ప్రశ్న. 1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఎదురుగా ఒక తెల్ల పెట్టె, ఒక నల్ల పెట్టె. తెల్లదాంట్లోకి వెళితే ఏమీ కాదు, నల్లదాంట్లోకి వెళ్లబోతే షాక్ తగులుతుంది. రెండు పెట్టెల మధ్య తేడా స్పష్టంగా కనబడినప్పుడు షాక్ ఎంత గట్టిగా ఉంటే ఎలుకలు అంత త్వరగా పాఠం నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టం చేశాక మాత్రం లెక్క మారిపోయింది. గట్టి షాక్ తిన్నవి వెనకబడ్డాయి, ఓ మోస్తరు షాక్ తిన్నవి త్వరగా నేర్చుకున్నాయి. ఎలుకల నుంచి ఏకంగా మనుషుల మీదికి దూకకూడదని, అందులో వాడిన ఎలుకలు కొద్దే అని, తర్వాతివాళ్లు పాఠ్యపుస్తకాల్లో గీసే గంట ఆకారపు బొమ్మ అసలు వ్యాసంలో లేదని విమర్శకులు అన్నారు. వాళ్ల మాట న్యాయమే. అయినా ఆ ప్రయోగంలో అందరూ పట్టించుకోకుండా వదిలేసే అంశం ఒకటుంది, మనకు కావలసింది అదే. ఎంత ఒత్తిడి తట్టుకోగలమన్నది మన గుండె గట్టిదనం మీద మాత్రమే ఆధారపడి లేదు, చేసే పని మనకు ఎంత కష్టం అన్నదాని మీద కూడా ఉంది. కష్టమైన పనికి కొద్దిపాటి దడే ఎక్కువ. చేయి తిరిగిన పనికి అంతకు రెట్టింపు దడ ఉన్నా ఆటంకం లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ గుండె 150 కొట్టుకుంటున్నా చేతులు సరిగ్గా పనిచేశాయంటే కారణం ఆ చేతులకు ఆ పని అంతగా అలవాటై ఉండడం. దడ తగ్గించుకోవడం మన చేతిలో పెద్దగా లేదు. పని తేలిక చేసుకోవడం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

పని తేలిక కావడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. సెస్నా 152 శిక్షణ విమానంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ఎడమ సీటులో విద్యార్థి, కుడి సీటులో ఇన్‌స్ట్రక్టర్. రన్‌వే మీద నుంచి లేచి, వెయ్యి అడుగుల ఎత్తులో చదరంగా చుట్టు తిరిగి మళ్లీ అదే రన్‌వే మీద దిగడాన్ని సర్క్యూట్ అంటారు. అంతా కలిపి కొద్ది నిమిషాల పని. ఆ కొద్ది నిమిషాల్లో వేగం చూడాలి, ఎత్తు చూడాలి, ఫ్లాప్స్ దించాలి, టవర్‌తో మాట్లాడాలి, ముందున్న విమానం ఎక్కడుందో వెతకాలి. కొత్తవాళ్లు చేసే మొదటి పని, కంట్రోల్స్‌ను బావిలో చేద తాడు పట్టుకున్నట్టు బిగించి పట్టుకోవడం. పిడికిలి బిగిస్తే భుజం బిగుస్తుంది, భుజం బిగిస్తే అది కదిలినప్పుడల్లా విమానం ముక్కు కిందికీ పైకీ ఊగుతుంది, ఆ ఊగడం చూసి విద్యార్థి ఇంకా బిగిస్తాడు. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ ఇక్కడ ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడు. సీట్ల మధ్య ముందు భాగంలో ట్రిమ్ వీల్ అని ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, చేతికి తగిలే ఒత్తిడి పోయేలా చేసి, ఇప్పుడు చేతులు తీసెయ్ అంటాడు. విమానం తన వేగాన్ని తనే నిలబెట్టుకుంటూ నిదానంగా సాగిపోతుంది. తన బలంతోనే ఇది గాలిలో నిలబడి ఉందనుకుంటున్న విద్యార్థికి, తాను వదిలేసినా అది పడిపోదని ఆ అర నిమిషంలో కళ్లతో కనబడుతుంది. మరుసటిసారి ఎగిరినప్పటి నుంచి రెండు వేళ్లతో పట్టుకోవడం వస్తుంది. భయం ఉన్నచోటే ఉంది, వేళ్లు మాత్రం సడలాయి.

దిగేటప్పుడూ అంతే. ఫైనల్ మీదికి, అంటే రన్‌వేకు ఎదురుగా వచ్చే ఆఖరి దారిలోకి తిరిగాక వేగం దాదాపు 60 నాట్లు, అంటే గంటకు 110 కిలోమీటర్ల పైచిలుకు. నేల మీదికి వస్తున్నామన్న కంగారులో కళ్లు అన్నిచోట్లకీ పరుగెడతాయి. చూడవలసింది ఒకటే. రన్‌వే మీద దిగదలచుకున్న చోటు ముందు అద్దంలో కదలకుండా నిలబడి ఉందా, పైకి జరుగుతోందా, కిందికి జారుతోందా? నిలబడి ఉంటే అక్కడికే వెళుతున్నాం. పైకి జరుగుతుంటే తక్కువ పడతాం, కిందికి జారుతుంటే దాటిపోతాం. ఆఖరి క్షణాల్లో చూపును ముక్కు కింది నేల మీద నుంచి తీసి రన్‌వే అవతలి కొసకు మార్చాలి, అప్పుడే ఎంత ఎత్తులో ఉన్నామన్నది కంటికి తెలుస్తుంది. దిగలేనేమో అన్న బెంగలో కూర్చున్న విద్యార్థికి ఈ రెండు విషయాలు తెలియడం వంద ప్రోత్సాహపు మాటల పెట్టు. ఇంజన్ ఆగిపోతే ఎలా అన్న పెద్ద భయానికీ ఇలాంటి జవాబే ఉంది. సెస్నా 172 పుస్తకంలో ఒక గ్రాఫ్ ఉంటుంది. గాలి లేనప్పుడు, సరైన వేగం పట్టి ఉంచితే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతూ వెళ్లవచ్చు. నేలకు 3 వేల అడుగుల ఎత్తున ఉంటే ఎనిమిది కిలోమీటర్ల దాకా దిగే చోటు వెతుక్కునే అవకాశం ఉంది. ఇంజన్ ఆగిన మరుక్షణం రాయిలా పడిపోతామనుకునే పిల్లకు ఈ గ్రాఫ్ చూపించకుండా, ఏం కాదులే అనడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక మొదటి సోలో, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగరడం. దాని చుట్టూ మనవాళ్లు అల్లిన గంభీరత చాలా ఉంది, కొంత అనవసరం కూడా. ఇన్‌స్ట్రక్టర్ బెల్టు విప్పుకుని దిగిపోయాక కుడి సీటు ఖాళీ. సెస్నా 152 మొత్తం అనుమతించిన బరువు సుమారు 757 కిలోలు. 75 కిలోల మనిషి దిగితే పదో వంతు బరువు పోయినట్టే. అందుకే ఆ రోజు విమానం ఎప్పటికన్నా త్వరగా నేల విడుస్తుంది, త్వరగా పైకెక్కుతుంది, దిగేటప్పుడు రన్‌వే మీద కాస్త ఎక్కువ దూరం తేలుతూ పోతుంది. ఈ సంగతి ముందే చెప్పి పంపితే విద్యార్థి తేలడాన్ని గుర్తుపట్టి ఊరుకుంటాడు. చెప్పకపోతే ఏదో తప్పు జరుగుతోందనుకుని లేనిపోని దిద్దుబాటు చేస్తాడు. ఒంటరితనం వల్ల పుట్టిందనుకున్న భయంలో సగం, నిజానికి విమానం బరువు మారడం తెలియకపోవడం వల్ల పుట్టింది.

అల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, నేను చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో చెబుతూ నాలుగు దారులు చూపాడు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేస్తుంటే చూడడం, ఇతరులు చెప్పే మాటలు, తన ఒంట్లో కలిగే దడనూ చెమటనూ తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదని ఆయన తేల్చాడు. మాటలతో వచ్చిన నమ్మకం మొదటి ఎదురుదెబ్బకే పోతుంది. మనం చేసేదేమిటంటే, మూడోదాన్నే పట్టుకుని వేలాడతాం. రెండోదానికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. 2016 జూన్ 18న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధ విమానాల విభాగంలో తొలి మహిళలుగా కమిషన్ అందుకున్నారు. ఆ తర్వాత ఆ గేటులోకి అడుగుపెట్టిన ఆడపిల్లకు, ఇది నాలాంటివాళ్లు చేసే పనేనా అన్న అనుమానం ఒకటి తగ్గి ఉంటుంది. ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా ఆ అనుమానాన్ని అలా తీర్చలేవు.

అయితే స్వయంగా చేసి నెగ్గడమే దారి అంటే, నెగ్గలేకపోతున్నవాళ్ల సంగతేమిటి? పదిహేను గంటల దాకా బాగా సాగి, ఆ తర్వాత వారం రోజులుగా ఒక్క ల్యాండింగూ కుదరని విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అంతకు ముందు వచ్చింది కూడా పోయిందని వాళ్లకు అనిపిస్తుంది. 1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు, మోర్స్ తంతి నేర్చుకునే ఆపరేటర్ల ప్రగతిని వారం వారం గీత గీసి చూశారు. తంతి అందుకోవడంలో గీత కొన్నాళ్లు ఎక్కి, ఆ తర్వాత ఎంత సాధన చేసినా వారాల తరబడి అడ్డంగా పడుకుని ఉండి, మళ్లీ ఎక్కింది. ఒక్కో అక్షరాన్ని విడిగా పోల్చుకునే దశ నుంచి మాటలను మాటలుగా వినే దశకు మారేముందు ఆ నిలకడ వస్తుందని వాళ్లు వివరించారు. ప్రతి నిలకడ వెనకా అలాంటి ఎదుగుదలే దాగి ఉంటుందని చెప్పలేం, తర్వాతి పరిశోధకులు ఆ వివరణను పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ల్యాండింగులు కుదరని వారాన్ని చూసి తనకు ఈ విద్య రాదని తీర్పు చెప్పుకోవడం తొందరపాటు అనడానికి అంతవరకు చాలు. ఆపరేటర్ల గీత అడ్డంగా ఉన్నప్పుడు కొలిచి ఉంటే వాళ్లంతా పనికిరానివాళ్లే.

ఇప్పుడు అసలు ఆక్షేపణకు వద్దాం. విమానంలో వెనక కూర్చున్న ప్రయాణికుడికి అనుమానాల పైలట్ కావాలా, నిబ్బరమున్న పైలట్ కావాలా? నిబ్బరమున్నవాడే అని ఎవరైనా అంటారు. దీనికి జవాబు మన దేశంలోనే, చాలా బాధతో, రెండుసార్లు దొరికింది. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండమీది రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. దిగడానికి వస్తున్న తీరు (అప్రోచ్) కుదురుగా లేదని, దాన్ని విడిచి మళ్లీ పైకి వెళదామని, అంటే గో ఎరౌండ్ చేద్దామని, కో పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పినా కెప్టెన్ దిగడానికే పోయాడని దర్యాప్తు తేల్చింది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో, వానలో, విమానం దాదాపు సగం రన్‌వే దాటాక గాని నేల తాకలేదు. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. అక్కడా పక్క సీటు నుంచి గో ఎరౌండ్ అన్న మాట వచ్చింది, అది అమలు కాలేదు. పోయినవారిని నిందించడం నా ఉద్దేశం కాదు, ఇద్దరు కెప్టెన్లూ వేల గంటల అనుభవమున్నవాళ్లు. నేనడిగేది ఒక్కటే: ఆ రెండు కాక్‌పిట్లలో కొరవడింది నిబ్బరమా, అనుమానమా? ఇవేవో రెండు అరుదైన సంఘటనలని కొట్టిపారేయడానికీ లేదు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం, కుదురుగా లేని అప్రోచ్‌లలో నూటికి మూడు మాత్రమే గో ఎరౌండ్‌తో ముగుస్తున్నాయి. మిగతా 97 సార్లు పైలట్లు దిగిపోదాంలే అనే అనుకుంటున్నారు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ విద్యార్థి పైలట్ల పుస్తకాల్లో అయిదు ప్రమాదకరమైన మనస్తత్వాల పట్టిక ఇస్తుంది. నియమాలు నాకెందుకు అనేది ఒకటి, ముందు చేసేద్దాం అనే తొందర ఒకటి, నాకేం కాదు అనేది ఒకటి, చూపిస్తాను నా సత్తా అనేది ఒకటి, నావల్ల ఏమవుతుందిలే అని చేతులెత్తేయడం ఒకటి. గమనించండి, నాకు భయంగా ఉంది అన్నది ఈ పట్టికలో లేదు. మొదటి నాలుగూ భయం కొరవడడం వల్ల వచ్చేవే. అయిదోది మాత్రం మన విద్యార్థికి దగ్గరి చుట్టం, జాగ్రత్త పడవలసింది దానితోనే. తన మీద అనుమానం ఉన్న ఇద్దరు విద్యార్థులను తీసుకోండి. ఒకరు ఆ అనుమానంతో గాలి దిశ మరోసారి అడుగుతారు, పెట్రోలు ట్యాంకులో పుల్ల పెట్టి మరోసారి చూస్తారు. ఇంకొకరు అదే అనుమానంతో, ఎలాగూ నేను చెడగొడతాను గదా అనుకుని, ఇన్‌స్ట్రక్టర్ ఎప్పుడు కంట్రోల్స్ తీసుకుంటాడా అని ఎదురుచూస్తారు. బయటికి ఇద్దరూ బెదురుగొడ్ల లాగే కనబడతారు. మొదటివారు పైలట్ అవుతున్నారు, రెండోవారికి సాయం కావాలి. ధైర్యంగా ఉండు అనే ఒక్క సలహా ఇద్దరికీ ఇస్తే మొదటివారిని చెడగొడతాం, రెండోవారికి ఏమీ చేయం.

ఇక్కడ నా వాదనకు నిజంగా ఇబ్బంది పెట్టే ఉదాహరణ ఒకటుంది, దాటవేయడం సబబు కాదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం చూపే గొట్టాలకు మంచు పట్టి ఆటోపైలట్ విడిపోయింది. ఉలిక్కిపడ్డ కో పైలట్ కంట్రోల్ స్టిక్‌ను వెనక్కి లాగాడు, రెక్కలకు తేలే బలం పోతోందని చెప్పే స్టాల్ హెచ్చరిక మోగుతున్నా చాలావరకు లాగే ఉంచాడు. 228 మందీ పోయారు. విమానం కిందికి జారుతున్నప్పుడు ముక్కు పైకి లాగాలనిపించడం మనిషి సహజ స్పందన. స్టాల్‌లో చేయవలసింది సరిగ్గా దానికి విరుద్ధం, ముక్కు దించి రెక్కలకు మళ్లీ గాలి అందనివ్వడం. అంటే భయం చేతికి తప్పు సలహా ఇస్తుంది. ఒప్పుకుంటున్నాను. అందుకే భయానికి చోటు ఎక్కడ అన్నది చూసుకోవాలి. ప్రయాణం మొదలుకాక ముందు, వాతావరణం చూసేటప్పుడు, బరువు లెక్క వేసేటప్పుడు దాని మాట వినాలి. చేతులతో చేసే పనిలో దాని మాట వినకుండా ఉండాలంటే, మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా, స్టాల్‌లోకి వెళ్లి బయటికి రావడం మళ్లీ మళ్లీ చేయాలి. భయపడనని మాటిచ్చి స్టాల్ నుంచి బయటపడినవాళ్లు లేరు. భయపడుతూనే చేతిని ముందుకు తోయడం నేర్చుకుని బయటపడతారు.

దీన్నిబట్టి కాక్‌పిట్లో ఏ ప్రశ్న వేసుకోవాలన్నది కూడా తేలుతుంది. నేను దీనికి పనికొస్తానా అన్న ప్రశ్నకు డౌన్‌విండ్ మీద, అంటే సర్క్యూట్‌లో రన్‌వేకు సమాంతరంగా వెళుతుండగా జవాబు దొరకదు, దొరకని జవాబు కోసం వెతికే మనసుకు స్పీడ్ పడిపోవడం కనబడదు. వేగం ఎంత, ఎత్తు ఎంత, దిగే చోటు అద్దంలో ఎక్కడుంది అన్న ప్రశ్నలకు అర సెకనులో జవాబు ఉంది. పైలట్లు తరతరాలుగా వల్లె వేసే వరస కూడా ఇదే: ముందు విమానం నడుపు, తర్వాత ఎటు పోవాలో చూడు, ఆ తర్వాతే మాట్లాడు. తన గురించి ఆలోచించుకోవడానికి ఆ వరసలో చోటు లేదు, అది నేల మీదికి వచ్చాక చేయవలసిన పని. తెలుగు మీడియంలో చదివి వచ్చి, టవర్‌తో ఇంగ్లీషులో మాట్లాడడానికి తడబడే పిల్లలకు ఈ వరస మరీ అక్కరకు వస్తుంది. రేడియోలో తడబడితే పరువు పోతుందని కంగారుపడి విమానం నడపడం మర్చిపోవడం చాలామంది చేసే పొరపాటు. కంట్రోలర్ చెప్పింది వినబడకపోతే సే అగైన్, చేయలేకపోతే అనేబుల్, వ్యవధి కావాలంటే స్టాండ్ బై. తెలియదు, కాదు, ఆగు అని చెప్పడానికి ఈ వృత్తి అధికారికంగా మాటలు తయారుచేసి పెట్టింది. బ్రిటన్‌లో సోలోకు వెళ్లిన విద్యార్థి తన కాల్‌సైన్‌కు ముందు స్టూడెంట్ అని చేర్చి మరీ చెబుతాడు, కంట్రోలర్ కాస్త నిదానించాలని. అక్కడ దాన్ని నామోషీగా ఎవరూ అనుకోరు.

భయమంతా విద్యార్థి బుర్రలోనే పుడుతుందనుకోవడం కూడా అన్యాయం. మన దుండిగల్‌లో ఏళ్ల తరబడి కొత్త క్యాడెట్లకు నేర్పడానికి వాడిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానాన్ని గుర్తుచేసుకోండి. ఇంజన్‌కు ఇంధనం అందడంలో తలెత్తిన చిక్కుల వల్ల గాలిలోనే ఇంజన్లు ఆగిపోయేవి. ఆ విమానం వాడిన కాలంలో 17 ప్రమాదాలు జరిగి 19 మంది పైలట్లు చనిపోయారు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక దాన్ని పక్కనపెట్టేశారు, 2013 నుంచి స్విట్జర్లాండ్‌లో తయారైన పిలాటస్ పీసీ-7 వచ్చింది. ఆ రోజుల్లో దీపక్ ఎక్కడానికి జంకిన క్యాడెట్‌కు ఆత్మవిశ్వాసం తరగతులు పెట్టడం ఎంత అర్థం లేని పని! కొత్త విమానం వచ్చినంత మాత్రాన ప్రమాదం పోయిందనీ కాదు. 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర పీసీ-7 కూలి ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ పోయారు. భయమేస్తోందని పిల్లలు అంటే మొదట అడగవలసిన ప్రశ్న దేని గురించి అని. విమానం గురించా, రిపేర్లు రాసే పుస్తకం గురించా, ప్రతి తప్పుకూ గద్దించే ఇన్‌స్ట్రక్టర్ గురించా, వాతావరణం బాగా లేకపోయినా పంపే షెడ్యూలు గురించా? వీటిలో దేనికీ విద్యార్థి మనసులో మందు లేదు. ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చమని అడగడం కూడా శిక్షణలో భాగమే.

సరే, అందరూ పైలట్లు కావలసిందేనా అని అడిగేవాళ్లున్నారు. అక్కర్లేదు. కొందరికి నిజంగానే కుదరదు. అది తేల్చవలసింది మాత్రం ఒక చెడ్డ వారమో, నిద్రపట్టని రాత్రో కాదు. ఒకే పాఠాన్ని ఇద్దరు వేర్వేరు ఇన్‌స్ట్రక్టర్లు చెప్పి, రాసిపెట్టిన రికార్డు చూసి, కుదరడం లేదని చెబితే నమ్మాలి, మానుకోవాలి. అందులో తలవంపు లేదు. సర్క్యూట్ అయి నేల మీదికి దిగాక కూడా వదలని దడ, రోజుల తరబడి నిద్ర లేకపోవడం, విమానం తలచుకుంటేనే ఊపిరాడకపోవడం వేరే సంగతి. అవి డాక్టరు చూడవలసినవి. మెడికల్ సర్టిఫికెట్ పోతుందన్న భయంతో పైలట్లు అలాంటివి దాచుకుంటారన్నది అందరికీ తెలిసిన రహస్యం. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో పైలట్ కావాలనే కొండకు ఢీకొట్టి 150 మంది చావుకు కారణమయ్యాక, దాచిపెట్టనివ్వడం ఎంత ఖరీదైన పొరపాటో ప్రపంచం గుర్తించింది. విద్యార్థి దడకూ ఆ ఘోరానికీ పోలిక లేదు, దయచేసి ఎవరూ అలా ముడిపెట్టొద్దు. నేను చెప్పేది వ్యవస్థ గురించి. తోటి పైలట్లతో గోప్యంగా మాట్లాడుకునే పీర్ సపోర్ట్ ఏర్పాట్లు ఉండాలని మన డీజీసీఏ కూడా 2023లో మార్గదర్శకాలిచ్చింది. ఆ ఏర్పాట్లు ఎయిర్‌లైన్లతో ఆగిపోకుండా శిక్షణ సంస్థల హాస్టళ్ల దాకా రావాలి.

ఆఖరికి డబ్బు సంగతి, ఇది తల్లిదండ్రులతో. ఈ చదువు ఖర్చు అర కోటి దాటుతోంది. పొలం అమ్మినవాళ్లున్నారు, ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. విమానం ఇంజన్ తిరిగిన ప్రతి నిమిషానికీ మీటరు పడుతుంది, చెడిన ప్రతి ల్యాండింగ్‌కూ అప్పు కాగితం మీది తండ్రి సంతకం గుర్తొస్తుంది. అలా గుర్తొచ్చే పిల్లలు గో ఎరౌండ్ చేయడానికి వెనకాడతారు, మరో సర్క్యూట్ అంటే మరికొన్ని వేలు కదా అని. సోలో అయిందా, ఎన్ని గంటలైంది, పక్కింటివాళ్ల అబ్బాయికి పన్నెండు గంటలకే అయిందట అని రాత్రి ఫోన్‌లో అడిగే మాటలు మరుసటి ఉదయం కాక్‌పిట్లోకి వచ్చి కూర్చుంటాయి. పైలట్లు బయల్దేరే ముందు తమను తాము అడగవలసిన ప్రశ్నల్లో జబ్బు, మందులు, అలసటతో పాటు మనసులోని ఒత్తిడి కూడా ఉంది. దానికి నిజాయితీగా జవాబు చెప్పి ఒక రోజు నేల మీద ఉండిపోగల స్వేచ్ఛ పిల్లలకు ఇంటి నుంచే దొరకాలి. అడ్డగాలి ఎక్కువగా ఉంది, ఇవాళ నేను ఎగరలేదు నాన్నా అని అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, మిగతావాళ్లు ఎగిరారా అని అడక్కండి. గాలి ఎన్ని నాట్లు ఉందమ్మా అని అడగండి, ఆమె చెబుతుంది.